ఇంటి వేళలు, పిల్లల బరువులు

పిల్లలు లావవుతున్నారంటే చాలామంది ముందు బడినే తప్పుపడతారు. క్యాంటీన్‌లో సమోసాలు, గేటు బయట చిప్స్ ప్యాకెట్లు, ఆటల పీరియడ్‌ను మింగేసిన లెక్కల క్లాసు. ఈ ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. అయితే అమెరికాలో పాల్ వాన్ హిప్పెల్, జోసెఫ్ వర్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 18,170 మంది పిల్లల తూకాలు పరిశీలించినప్పుడు బయటపడ్డ సంగతి వేరు. 2010లో కిండర్‌గార్టెన్‌లో చేరిన ఆ పిల్లలను రెండో తరగతి ముగిసేదాకా గమనించారు. బడి తెరిచే కాలంలో ఒకసారి, మూసే కాలంలో ఒకసారి తూచిన లెక్కలు వారి దగ్గర ఉన్నాయి. మొదట్లో ఆ పిల్లల్లో స్థూలకాయులు 8.9 శాతం. చివరికి 11.5 శాతం. ఆ పెరుగుదల అంతా వేసవి సెలవుల్లోనే జరిగింది. బడి నడిచిన నెలల్లో ఆ శాతం పెరగనే లేదు.

బడి భోజనం అంత గొప్పదా అంటే, అదేం లేదు. బడి పిల్లలకు ఒక వేళను ఇస్తుంది. ఉదయం ఫలానా గంటకు లేవాలి, ఫలానా గంటకు తినాలి, మధ్యలో వంటింటి డబ్బాల జోలికి వెళ్లే వీలుండదు, విరామంలో కాసేపైనా పరుగెత్తుతారు, పొద్దున్నే లేవాలి కనుక రాత్రి పడుకోక తప్పదు. సెలవులు రాగానే ఈ కట్టుబాట్లన్నీ ఒకేసారి సడలిపోతాయి. సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో దీన్నే ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. రోజుకు ఒక క్రమం ఉన్నప్పుడు పిల్లల తిండీ, నిద్రా, కదలికా అదుపులో ఉంటాయనీ, క్రమం లేని రోజుల్లో అన్నీ కలిసి గాడి తప్పుతాయనీ దాని సారాంశం.

మూడేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతటా బడులు మూతపడ్డాయి. కోవిడ్ కాలంలో పిల్లలు నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2 నుంచి 19 ఏళ్ల లోపు 4,32,302 మంది లెక్కలు చూసి 2021లో ఫలితాలు ప్రకటించింది. ఎత్తుకు తగిన బరువును సూచించే బాడీ మాస్ ఇండెక్స్, అంటే బీఎంఐ, కోవిడ్‌కు ముందుకన్నా దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. 2019 ఆగస్టులో 19.3 శాతంగా ఉన్న స్థూలకాయం ఏడాది తిరిగేసరికి 22.4 శాతానికి చేరింది.

ఈ రెండు ఉదాహరణలూ మన చూపును ఇంటివైపు తిప్పుతాయి. ఇంట్లో ఏం తింటారన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎప్పుడు తింటారు, ఎవరితో కూర్చుని తింటారు, ఏం చూస్తూ తింటారు, ఎన్నింటికి పడుకుంటారు అన్న ప్రశ్నలూ అంతే ముఖ్యం. బిడ్డ బరువుకు బిడ్డ తిండిపోతుతనాన్నో, తల్లి నిర్లక్ష్యాన్నో కారణంగా చూపడం తేలిక. పరిశోధనలు మాత్రం రోజువారీ ఏర్పాట్ల వైపు వేలు చూపిస్తున్నాయి. ఏర్పాట్లు గనుకనే వాటిని మార్చుకోవచ్చు.

మూడు అలవాట్లు

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా ఆండర్సన్, టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ విటేకర్ 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఒక మలుపు. నాలుగేళ్ల వయసున్న 8,550 మంది అమెరికన్ పిల్లల ఇళ్లలో వారు మూడు అలవాట్ల గురించి మాత్రమే చూశారు. వారంలో ఐదు రాత్రులకు మించి కుటుంబమంతా కలిసి భోజనం చేస్తుందా? బిడ్డ రాత్రి కనీసం పదిన్నర గంటలు నిద్రపోతుందా? టీవీ, వీడియోల ముందు గడిపే సమయం రోజుకు రెండు గంటలు దాటకుండా ఉందా?

మూడూ ఉన్న ఇళ్లలో స్థూలకాయం 14.3 శాతం పిల్లల్లో కనిపించింది. మూడింట్లో ఒక్కటీ లేని ఇళ్లలో 24.5 శాతం. తల్లి బరువు, చదువు, ఇంటి ఆదాయం వంటి తేడాలను లెక్కలోంచి తీసివేసి చూసినా అలవాట్ల ప్రభావం చెరిగిపోలేదు. ఒక్కో అలవాటు తోడయ్యేకొద్దీ ముప్పు తగ్గుతూ వచ్చింది.

ఇలాంటి అధ్యయనం రెండు విషయాలు కలిసి నడుస్తున్నాయని చెప్పగలదు గాని, ఒకటి రెండోదానికి కారణమని రుజువు చేయలేదు. పద్ధతిగా నడిచే ఇంట్లో కంటికి కనబడని మరికొన్ని అనుకూలతలూ ఉండవచ్చు. అందుకే ఆ తరవాత పరిశోధకులు రెండు దారులు పట్టారు. పిల్లలను ఏళ్ల తరబడి వెన్నంటి చూడటం ఒకటి. ఇంట్లో ఒకే ఒక్క అలవాటును కావాలని మార్చి ఏం జరుగుతుందో తూచి చూడటం రెండోది.

నిద్రవేళ

ఆండర్సన్ బృందం 2016లో ప్రచురించిన మరో అధ్యయనంలో 977 మంది పిల్లలు ఉన్నారు. నాలుగున్నరేళ్ల వయసులో వాళ్లు ఎన్నింటికి పడుకునేవారో తల్లులు చెప్పారు. అదే పిల్లలను పదిహేనేళ్ల వయసులో మళ్లీ తూచారు. రాత్రి ఎనిమిదింటికల్లా పడుకున్నవారిలో స్థూలకాయులు 10 శాతం, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య పడుకున్నవారిలో 16 శాతం, తొమ్మిది దాటాక పడుకున్నవారిలో 23 శాతం. బ్రిటన్‌లో ఈ శతాబ్దపు మొదట్లో పుట్టిన దాదాపు పదకొండు వేల మంది పిల్లల మీద జరిగిన అధ్యయనమూ ఇదే దారిన నడిచింది. మూడేళ్ల వయసులో పడుకునే వేళ నిలకడగా లేని పిల్లలు పదకొండేళ్లు వచ్చేసరికి స్థూలకాయులయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది.

నిద్రకూ బరువుకూ నేరుగా సంబంధం ఉందా? షాంటెల్ హార్ట్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం దీన్ని ప్రయోగం చేసి చూసింది. 8 నుంచి 11 ఏళ్ల వయసున్న 37 మంది పిల్లలను ఒక వారం మామూలుకన్నా రోజుకు గంటన్నర ఎక్కువగా, మరో వారం గంటన్నర తక్కువగా పడుకోబెట్టారు. ఏం తినాలో, ఎంత తినాలో ఎవరూ చెప్పలేదు. ఎక్కువ నిద్రపోయిన వారంలో పిల్లలు రోజుకు సగటున 134 కేలరీలు తక్కువ తిన్నారు. వారం చివర బరువు కూడా దాదాపు పావు కిలో తక్కువ తూగింది. ఆకలి, తృప్తులతో ముడిపడిన లెప్టిన్ అనే హార్మోన్ స్థాయిలోనూ తేడా వచ్చింది.

134 కేలరీలంటే రెండు మూడు క్రీమ్ బిస్కెట్లు. ఇంత చిన్న తేడా లెక్కలోకి వస్తుందా అనిపించవచ్చు. అమెరికా పిల్లల్లో పదేళ్లలో అదనంగా చేరిన బరువుకు రోజుకు 110 నుంచి 165 కేలరీల మిగులు చాలునని హార్వర్డ్ పరిశోధకులు 2006లో లెక్క వేశారు. తరవాత వచ్చిన లెక్కల్లో ఆ అంకె పెరిగింది. అయినా అసలు సంగతి మారలేదు. పెళ్లి భోజనాల వల్లనో పండగ పిండివంటల వల్లనో పిల్లలు లావెక్కరు. ప్రతిరోజూ, అదే వేళకు, ఎవరూ పట్టించుకోని చిన్న మిగులు ఏళ్ల తరబడి చేరుతూ పోతుంది.

నిద్ర వైద్య నిపుణుల అమెరికన్ అకాడమీ 2016లో చేసిన సూచనల ప్రకారం 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. ఈ అంకెలను తెలుగు నగరాల్లోని సగటు ఇంటి రాత్రితో పోల్చి చూడాలి. ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఏడున్నర, హోంవర్క్ అయ్యేసరికి తొమ్మిది, నాన్న ఆఫీసు నుంచి వచ్చాక భోజనాలు, తరవాత కాసేపు టీవీ. పడుకునేసరికి పది దాటుతుంది. స్కూల్ బస్సు కోసం ఆరింటికి లేవాల్సిన ఏడేళ్ల బిడ్డకు కనీసపు తొమ్మిది గంటల నిద్ర దక్కాలంటే తొమ్మిదింటికల్లా కళ్లు మూతపడాలి. ఆ బిడ్డ వారంలో ఐదారు రోజులు గంట చొప్పున నిద్ర అప్పుపడుతూనే ఉంటుంది.

తెర ముందు ముద్ద

ఒకప్పుడు చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించేవారు. ఇప్పుడు ఫోన్ చూపిస్తే గాని నోరు తెరవని పిల్లలు లేని వీధి లేదు. పనులు తెమలని తల్లికి ఆ ఫోన్ ఎంత ఆసరాయో ఎవరైనా అర్థం చేసుకోగలరు. అయితే తెరకూ బరువుకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఈ రంగంలో అన్నిటికన్నా బాగా పరీక్షించారు గనుక దాని గురించి స్పష్టంగా తెలుసుకోవడం మంచిది.

1985లో విలియం డైట్జ్, స్టీవెన్ గోర్ట్‌మేకర్ టీవీ ఎక్కువ చూసే పిల్లల్లో స్థూలకాయం ఎక్కువని మొదటిసారి గట్టిగా చూపించారు. అది కారణమా, కాకతాళీయమా అన్న చర్చ చాలాకాలం సాగింది. స్టాన్‌ఫోర్డ్ వైద్యుడు థామస్ రాబిన్సన్ కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో రెండు ప్రాథమిక పాఠశాలలు ఎంచుకుని దీనికి సమాధానం వెతికాడు. ఒక బడిలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు టీవీ, వీడియో గేములు తగ్గించుకోవడం మీద ఆరు నెలల పాటు పాఠాలు చెప్పారు. ముందు పది రోజులు టీవీ పూర్తిగా కట్టెయ్యాలి. ఆ తరవాత వారానికి ఏడు గంటల హద్దు. వ్యాయామం గురించి గాని, తిండి గురించి గాని ఒక్క పాఠమూ లేదు. రెండో బడిలో ఏ మార్పూ చేయలేదు. ఏడాది చివర తూచినప్పుడు పాఠాలు విన్న పిల్లల బీఎంఐ రెండో బడి పిల్లలకన్నా తక్కువగా పెరిగింది. 1999లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

టీవీ తగ్గితే పిల్లలు బయటికెళ్లి ఆడారని, అందుకే బరువు తగ్గిందని అనుకోవడం సహజం. బఫలో నగరంలో లియొనార్డ్ ఎప్‌స్టైన్ చేసిన ప్రయోగం ఈ ఊహను సవరించింది. 4 నుంచి 7 ఏళ్ల పిల్లలున్న 70 ఇళ్లలో టీవీకి, కంప్యూటర్‌కు ఒక పరికరం అమర్చారు. కొన్ని ఇళ్లలో ఆ పరికరం చూసే సమయాన్ని నెలనెలా తగ్గిస్తూ సగానికి తెచ్చింది. రెండేళ్ల పాటు గమనిస్తే ఆ పిల్లల బీఎంఐ తగ్గింది. కారణం మాత్రం ఆటలు పెరగడం కాదు, తిండి తగ్గడం. తెర ఆరిపోగానే దాని ముందు నడిచే తిండీ తగ్గిపోయింది.

తెర ముందు తిండి ఎందుకు పెరుగుతుందో మరో ప్రయోగం కొంత చెబుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో జెనిఫర్ హారిస్ బృందం 7 నుంచి 11 ఏళ్ల పిల్లలకు కార్టూన్ చూపిస్తూ ఎదురుగా చిరుతిండి గిన్నె పెట్టింది. కార్టూన్ మధ్యలో తిండి ప్రకటనలు చూసిన పిల్లలు, వేరే ప్రకటనలు చూసినవారికన్నా 45 శాతం ఎక్కువ తిన్నారు. వాళ్లు తిన్నది ప్రకటనలో చూపించిన పదార్థం కూడా కాదు. బొమ్మ కళ్లముందు కదులుతుంటే చెయ్యి దానంతటదే గిన్నెలోకి పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దని, 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంట మించరాదని చెప్పింది. తక్కువైతే ఇంకా మంచిదని కూడా జోడించింది.

కడుపు చెప్పే మాట

పసిబిడ్డకు ఆకలి ఎంతో, చాలు అన్నది ఎప్పుడో తెలుసు. పాలు తాగుతూ తల పక్కకు తిప్పేసే బిడ్డను ఏ తల్లీ బలవంతపెట్టలేదు. ఈ తెలివి ఎప్పుడు మసకబారుతుందన్నది అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ బర్చ్ జీవితకాలం పరిశోధించిన విషయం.

2000లో బార్బరా రోల్స్‌తో కలిసి ఆమె ప్రచురించిన ఒక ప్రయోగంలో మూడేళ్ల పిల్లలకు, ఐదేళ్ల పిల్లలకు చిన్న, మధ్య, పెద్ద పరిమాణాల్లో మధ్యాహ్న భోజనం వడ్డించారు. మూడేళ్ల పిల్లలు ఎంత పెట్టినా ఒకేలా తిన్నారు. ఐదేళ్ల పిల్లలు మాత్రం ఎక్కువ పెడితే ఎక్కువ తిన్నారు. ఆ రెండేళ్ల తేడాలో పిల్లలు కడుపు మాట వినడం తగ్గించి, పళ్లెం వైపు చూడటం నేర్చుకున్నారు. 1987 నాటి మరో ప్రయోగంలో కొందరు పిల్లలకు ఆకలి, తృప్తి గురించి మాట్లాడుతూ వడ్డించారు. మరికొందరికి పళ్లెంలో ఎంత మిగిలిందన్నదే చూపించారు, ఖాళీ చేస్తే బహుమతి ఇచ్చారు. మొదటి గుంపు పిల్లలు ముందు తిన్నదాన్ని బట్టి తరవాతి తిండిని సర్దుకోగలిగారు. రెండో గుంపు ఆ నేర్పు కోల్పోయింది.

తెలుగిళ్లలో ఇది ముద్దల లెక్కగా కనిపిస్తుంది. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది తాతయ్య ముద్ద, ఒక్కటంటే ఒక్కటి. అందులో ఉన్నదంతా ప్రేమే. పళ్లెంలో మెతుకు వదలకూడదన్న నియమం వెనక కరువు చూసిన తరాల జ్ఞాపకం ఉంది. ఆ నియమాన్ని నిలబెట్టుకోవాలంటే ముందు తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ వడ్డించవచ్చు. అప్పుడు అన్నమూ వృథా కాదు, చాలన్న మాట చెప్పే హక్కూ బిడ్డకు మిగులుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు కూడా ఉంది. లావవుతున్నాడని కంగారుపడి బిడ్డ కళ్లముందే చాక్లెట్లు అటకమీద దాచి, అన్నకు మాత్రం ఇచ్చే ఇళ్లున్నాయి. బర్చ్, జెనిఫర్ ఫిషర్ 1999లో చూపించిందేమిటంటే, ఎదురుగా ఉంచి తిననివ్వని తినుబండారం మీదే పిల్లల మనసు మరింతగా లాగుతుంది, చేతికి అందినప్పుడు ఎక్కువ తింటారు. ఇంట్లో ఉంచి కాపలా కాయడంకన్నా కొని తేకపోవడం తేలిక. తేవాల్సి వస్తే అందరికీ సమానంగా పంచి, ఆ పూటతో ముగించడం మేలు.

తాగేవాటి విషయంలో రుజువు ఇంకా బలమైనది. నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లలకు పద్దెనిమిది నెలల పాటు రోజూ ఒక 250 మిల్లీలీటర్ల డబ్బా పానీయం ఇచ్చారు. సగం మందికి చక్కెర ఉన్నది, సగం మందికి లేనిది. ఏది ఎవరిదో పిల్లలకు గాని, పరిశోధకులకు గాని తెలియదు. చక్కెర పానీయం తాగినవారు సగటున 7.37 కిలోలు, తాగనివారు 6.35 కిలోలు పెరిగారు. తేడా అంతా ఆ ఒక్క డబ్బాలో ఉన్న 104 కేలరీలదే. ఫ్రిజ్‌లో రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిత్యం ఉండే ఇల్లు ఈ ప్రయోగాన్ని తెలియకుండానే కొనసాగిస్తోంది.

రక్తమా, ఇల్లా?

మా వంశమే అంత, ఎముకపుష్టి అనే మాటను తీసిపారేయడానికి వీల్లేదు. 1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిని పరిశీలిస్తే, పెద్దయ్యాక వాళ్ల శరీరాలు పెంచినవారికన్నా కన్నవారినే పోలాయి. బరువులో జన్యువుల వాటా పెద్దదని ఆ తరవాత ఎన్నో అధ్యయనాలు ధ్రువపరిచాయి.

మరి ఇంటి ఏర్పాట్ల గురించి ఇంత చర్చ దేనికి? 2018లో బ్రిటన్ కవలల అధ్యయనం ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన జవాబు ఇచ్చింది. నాలుగేళ్ల వయసున్న 925 కవల జంటల ఇళ్లలో తిండి, తెర, ఆటల ఏర్పాట్లు ఎలా ఉన్నాయో నమోదు చేశారు. బరువు పెరగడానికి అనువైన ఇళ్లలో పిల్లల బీఎంఐ తేడాల్లో 86 శాతం జన్యువుల వల్ల వచ్చినవి. మెరుగైన ఏర్పాట్లున్న ఇళ్లలో జన్యువుల వాటా 39 శాతం మాత్రమే. లావయ్యే స్వభావం పుట్టుకతో వచ్చినా, అది విత్తనంలా ఇంటి నేలను బట్టి మొలకెత్తుతుంది. కాబట్టి వంశంలో ముప్పు ఉన్న బిడ్డకే ఇంటి క్రమం ఇతరులకన్నా ఎక్కువ అవసరం.

ఏ వయసులో జాగ్రత్త పడాలన్నదీ ఇప్పుడు కొంత తెలుసు. జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు 51,505 మంది పిల్లల తూకాలు పరిశీలించి 2018లో చెప్పిన ప్రకారం, కౌమారంలో స్థూలకాయులుగా ఉన్నవారు అత్యంత వేగంగా బరువు పెరిగింది 2 నుంచి 6 ఏళ్ల మధ్య. మూడేళ్లకే స్థూలకాయం ఉన్న పిల్లల్లో దాదాపు 90 శాతం మంది కౌమారంలోనూ అధిక బరువుతోనో, స్థూలకాయంతోనో ఉన్నారు. ఎదిగేకొద్దీ సన్నబడతాడులే అన్న నమ్మకానికి ఈ అంకెల్లో ఆధారం దొరకదు.

తక్కువ తూకం, ఎక్కువ కొవ్వు

భారతదేశంలో ఈ కథకు మరో పొర ఉంది. పుణేలో డాక్టర్ సి.ఎస్. యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. పుణే శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ వారిది 3.5 కిలోలు. కండ, ఉదర అవయవాలు మన శిశువుల్లో బాగా తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడటానికి బక్కగా ఉండి లోపల కొవ్వు దాచుకున్న ఈ శరీర స్వభావమే పెద్దయ్యాక మధుమేహానికి దారితీస్తుందని యాజ్ఞిక్ వివరించారు. అందుకే భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో రూపొందించిన ఎదుగుదల పట్టికల్లో అధిక బరువు గీతను పెద్దవారి బీఎంఐ 23కి సమానంగా, స్థూలకాయం గీతను 27కి సమానంగా గీసింది. అంతర్జాతీయంగా ఈ హద్దులు 25, 30.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివారు, 32.1 శాతం తగ్గ బరువు లేనివారు. అధిక బరువున్నవారు 3.4 శాతమే, అయితే అంతకుముందు సర్వేలో ఆ అంకె 2.1. అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 2024లో లాన్సెట్ పత్రికలో వేసిన అంచనా ప్రకారం 1990లో 4 లక్షలున్న భారత స్థూలకాయ బాలబాలికలు, 5 నుంచి 19 ఏళ్లవారు, 2022 నాటికి కోటీ 25 లక్షలయ్యారు. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, తిండి చాలని బిడ్డా, తిండి మించిన బిడ్డా పక్కపక్కనే పెరుగుతున్నారు. అందుకే తిండి కోసెయ్యమన్న సలహా ఇక్కడ ప్రమాదకరం. పెరిగే పిల్లలకు పప్పు, గుడ్డు, పాలు, కూరలు, పళ్లు కావాలి. ప్యాకెట్ తిండి, తీపి పానీయాలు వాటి చోటు ఆక్రమించకుండా చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాల్లోనూ కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలను, అతిగా ప్రాసెస్ చేసిన తిండిని కట్టడి చేయాలని ప్రత్యేకంగా చెప్పింది.

అమ్మమ్మలు, తాతయ్యలు

బొద్దుగా ఉన్న బిడ్డ ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క మన దగ్గర. సన్నగా కనిపిస్తే చుట్టాలు అడుగుతారు, లావుగా కనిపిస్తే దిష్టి తీయమంటారు. ఇది తెలుగువారి ఒక్కరి తీరు కాదు. అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన 2014 నాటి ఒక విశ్లేషణలో, అధిక బరువున్న పిల్లల తల్లిదండ్రుల్లో సుమారు సగం మంది తమ బిడ్డ బరువును తక్కువగానే అంచనా వేశారు. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. ఎత్తు, బరువు కొలిచి ఎదుగుదల పట్టికలో చుక్క పెట్టించుకుంటే గాని అది బయటపడదు.

అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పిల్లల పగటి పూట అంతా పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది. చైనాలోనూ ఇదే పరిస్థితి. అందుకే గ్వాంగ్‌ఝౌ నగరంలో 40 బడుల్లో, 1,641 మంది పిల్లలతో నడిపిన ఒక కార్యక్రమం తల్లిదండ్రులతో పాటు నాయనమ్మలను, తాతయ్యలను కూడా పాఠాల్లోకి, ఆటల్లోకి తెచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లల బీఎంఐ ఇతర బడుల పిల్లలకన్నా మెరుగ్గా ఉంది. 2019లో ఫలితాలు ప్రచురించారు. మనవడి చేతిలో పది రూపాయల ప్యాకెట్ పెట్టే తాతయ్యను ఇంటి శత్రువుగా చూస్తే పని జరగదు. సాయంత్రం మనవడిని పార్కుకో గుడి మంటపానికో తీసుకెళ్లగలిగింది కూడా ఆయనే.

గడప లోపల, గడప బయట

తెలిసిన సంగతులను ఇంట్లో అమలు చేయవచ్చా అన్నది చివరి ప్రశ్న. బోస్టన్‌లో 2 నుంచి 5 ఏళ్ల పిల్లలున్న 121 పేద కుటుంబాలను ఎంచుకుని ఒక బృందం ప్రయత్నించింది. ఆ పిల్లలు పడుకునే గదిలోనే టీవీ ఉండేది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికెళ్లి మాట్లాడారు, ఫోన్లు చేశారు, మెసేజ్‌లు పంపారు. వాళ్లు చెప్పినవి ఇంటి అలవాట్లే. కలిసి తినడం, తగినంత నిద్ర, తక్కువ టీవీ, పడక గదిలోంచి టీవీని తీసేయడం. ఆరు నెలలకు పిల్లల నిద్ర రోజుకు ముప్పావు గంట పెరిగింది, వారాంతాల్లో టీవీ గంటకు పైగా తగ్గింది. సగటు బీఎంఐ ఈ ఇళ్లలో 0.18 తగ్గితే, పోలిక కోసం ఉంచిన ఇళ్లలో 0.21 పెరిగింది. కలిసి భోజనం చేసే రోజుల సంఖ్య మాత్రం పెరగలేదు. షిఫ్టుల్లో పనిచేసే తల్లిదండ్రులకు కలిసి కూర్చునే వేళ ఎవరూ సలహాతో సృష్టించలేరు.

ఆ చివరి సంగతిని మరిచిపోకూడదు. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లో ఎనిమిదింటికి దీపం ఆర్పమనడం తేలిక కాదు. ఎండ 42 డిగ్రీలు దాటే మే నెలలో, ఆడుకునే జాగా లేని అపార్ట్‌మెంట్‌లో పిల్లలు తెరకు అతుక్కుపోతే తప్పంతా తల్లిది కాదు. బడి ప్రాంగణంలోనూ, దాని గేటు నుంచి 50 మీటర్లలోపూ కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న పదార్థాలు అమ్మకూడదని 2020లో దేశ ఆహార భద్రత ప్రాధికార సంస్థ నిబంధన చేసింది. 2025లో సీబీఎస్ఈ తన బడుల్లో చక్కెర ముప్పును పిల్లలకు తెలిపే బోర్డులు పెట్టమంది. ఈ నిబంధనలు నిజంగా అమలు కావాలి. బస్తీకి ఒక ఆటస్థలం, ఆరింటికి ముగిసే పనివేళలు, చిన్న తరగతులకు ట్యూషన్లు లేని చదువు కూడా పిల్లల బరువుకు సంబంధించిన విధానాలే. ఇవి పాలకుల బాధ్యత.

ఇంటి బాధ్యత ఇంటిది. అన్నిటినీ ఒకేసారి మార్చాలని పూనుకుంటే వారంలో అలసిపోతారు. ముందు నిద్రవేళతో మొదలుపెట్టండి. దానికి డబ్బు అక్కర్లేదు, వంట మారక్కర్లేదు, తూకం మాట ఎత్తి బిడ్డ మనసు నొప్పించే పని అసలే లేదు. పిల్లల భోజనాన్ని ఎనిమిదికి ముందుకు జరపండి, నాన్న రాక ఆలస్యమైతే ఉదయం టిఫిన్ కలిసి తినండి. భోజనం దగ్గరికి ఏ ఫోనూ రానివ్వకండి, పెద్దవాళ్లదైనా సరే. ఇంట్లో ఒక్క బిడ్డే లావుగా ఉన్నా నియమాలు అందరికీ ఒకటిగానే పెట్టండి. ఆర్నెల్లకోసారి శిశువైద్యుల దగ్గర ఎత్తు, బరువు కొలిపించి పట్టికలో గీత ఎటు పోతోందో చూసుకోండి. ఈసారి వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా సాగేటప్పుడు, బడి గంట మోగని ఆ ఏడు వారాలూ కనీసం పడుకునే వేళను మాత్రం మారనివ్వకండి.